తిరుపతి నుంచి సముద్రపు ఒడ్డుకు, పిల్లాపాపలతో గుడారం యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం చూడాలంటే మనవాళ్ళు చెన్నై మెరీనాకో మహాబలిపురానికో బండి తిప్పుతారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పటి నుంచి సూళ్ళూరుపేట, వాకాడు వైపు తీరం తిరుపతి జిల్లాలోనే ఉంది. అయినా అక్కడ ఒక రాత్రి గడిపినవాళ్ళు మన ఊళ్ళో చాలా తక్కువ. జనం లేని ఇసుక, సరుగుడు తోపులు, పడవలు, రాత్రయితే నిండా చుక్కలు, అన్నీ కారులో రెండున్నర మూడు గంటల దూరంలో ఉన్నాయి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే ఒకసారి తీసుకుపోవాల్సిన చోటు ఇది. చుట్టాలు, పక్కింటివాళ్ళు, పిల్లల స్కూలు దగ్గర కలిసే తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ఏ దారిలో పోవాలి?

తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట. ఇక్కడి దాకా 71వ నంబరు జాతీయ రహదారి, సుమారు 70 కిలోమీటర్లు. నాయుడుపేట దగ్గర చెన్నై-కోల్‌కతా రహదారి తగులుతుంది. కుడికి తిరిగితే నేలపట్టు, సూళ్ళూరుపేట, పులికాట్ సరస్సు. తూర్పుకు చిట్టమూరు, వాకాడు మీదుగా పోతే తూపిలిపాళెం బీచ్.

ఈ దారికి స్వర్ణముఖి తోడుంటుంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు పక్కగా పారి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ నాయుడుపేట మీదుగా వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. మన ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే కనిపించే ఏరు ఎక్కడికి పోతుందో పిల్లలకు చూపించాలంటే ఇంతకంటే మంచి ప్రయాణం లేదు. వంతెన వచ్చిన ప్రతిచోటా "ఇది కూడా మన ఏరే" అని చెప్పండి, మూడో వంతెనకు వాళ్ళే ముందు చెబుతారు.

సముద్రం పక్కపక్కనే పోయే రోడ్డు ఉందా?

లేదు. చాలామంది మ్యాపులో తీరం చూసి, అలల పక్కనే కారు నడుపుకుంటూ పోవచ్చు అనుకుంటారు. మధ్యలో పులికాట్ ఉంది, బకింగ్‌హాం కాలువ ఉంది, ఉప్పుటేర్లు ఉన్నాయి, రొయ్యల గుంటలు ఉన్నాయి, కృష్ణపట్నం ఓడరేవు ఉంది. ఇక్కడ రోడ్లు దువ్వెన పళ్ళలా ఉంటాయి: రహదారి నుంచి ఒక్కొక్కటీ తూర్పుకు పోయి ఒక్కో పల్లె దగ్గర ఆగిపోతుంది. ఒక బీచ్ నుంచి పక్క బీచ్‌కు పోవాలంటే చాలాసార్లు వెనక్కి వచ్చి మళ్ళీ లోపలికి దిగాలి. ప్లాను వేసుకునేటప్పుడే ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

రెండు రాత్రులు, ఒకే చోట. ఈ మాట నేను గట్టిగా చెబుతాను. రోజుకో బీచ్ అని పెట్టుకుంటే పిల్లలకు గుర్తుండేది కారు వెనక సీటు మాత్రమే. గుడారం వేయడానికి గంట, విప్పడానికి గంట, సామాను సర్దడానికి ఇంకో గంట పోతుంది. అదే చోట రెండో పొద్దు గడిపితే పిల్లలు ఆ చోటును సొంతం చేసుకుంటారు. ఏ పడవ ఎవరిదో, ఏ కుక్క ఏ ఇంటిదో, ఎండ్రకాయల బొరియలు ఎక్కడున్నాయో వాళ్ళకే తెలిసిపోతుంది. శుక్రవారం సాయంత్రం హడావుడిగా బయలుదేరకండి, శనివారం తెల్లవారుజామున బయలుదేరండి. చీకటి పడ్డాక కొత్త ఒడ్డులో గుడారం వేయకూడదు.

ఏ నెలలు బాగుంటాయి?

సంక్రాంతి తర్వాత నుంచి మార్చి మొదటి వారాల దాకా. పక్షులు ఉంటాయి, ఎండ ఓర్చుకోవచ్చు, రాత్రి సన్నని చలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అసలు పెట్టుకోవద్దు. మన తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి, తుఫానులూ అప్పుడే. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినా, అంతకుముందే నెల్లూరు, సూళ్ళూరుపేట వైపు కుండపోత వానలు కురిపించింది. తీరం దాటే చోటు దూరంగా ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు. జనవరిలో కూడా బయలుదేరే ముందు వాతావరణశాఖ హెచ్చరికలు చూసుకోండి. మత్స్యకారులను వేటకు పోవద్దని చెప్పారంటే మీరు కూడా పోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో గుడారం లోపల పొద్దున ఎనిమిదికే ఉడికిపోతారు.

గుడారం ఎక్కడ వేసుకోవచ్చు? అనుమతి కావాలా?

గేటు, టికెట్టు, కరెంటు పాయింటు ఉన్న క్యాంపు మైదానాలను ఈ ఒడ్డున ఊహించుకోకండి. ఇది పల్లెవాళ్ళు బతికే చోటు. ఒడ్డున ఇసుక వాళ్ళ వలలు ఆరేసుకునే చోటు, పడవలు లాక్కునే చోటు, చేపలు ఎండబెట్టే చోటు. కాబట్టి మధ్యాహ్నమే చేరుకుని, ముందు ఊళ్ళోకి పోయి పెద్దవాళ్ళను కలవండి. "అన్నా, తిరుపతి నుంచి వచ్చినాము, పిల్లలున్నారు. రెండు రాత్రులు గుడారం వేసుకుంటాము, ఎక్కడ వేసుకుంటే మీకు ఇబ్బంది ఉండదు?" అని అడగండి. వేసుకోవచ్చా అని మాత్రమే అడిగితే అవుననో కాదనో అని ఊరుకుంటారు. ఎక్కడ అని అడిగితే మీతో పాటు నడిచివచ్చి చోటు చూపిస్తారు. ఏ వైపు అల ఎక్కుతుందో, ఏ తోపు ఎవరిదో, రాత్రి ఏ దారిలో పడవలకు పోతారో వాళ్ళకు తెలిసినంతగా ఏ యాపుకూ తెలియదు.

ఊరివాళ్ళతో పాటు స్థానిక పోలీసులకు, మెరైన్ పోలీసులకు కూడా చెప్పి పోండి. తీరంలో కొత్త ముఖాలు కనిపిస్తే వాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా. పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. సరుగుడు తోపు అటవీశాఖదైతే వాళ్ళ అనుమతి లేకుండా లోపల పడుకోకూడదు. సొంత తోట అయితే యజమానిని అడగాలి. ఎవరైనా కాదంటే వాదించకండి, ఇంకో చోటు చూసుకోండి.

గుడారానికి ఇసుకలో మేకులు నిలవవంటారు, నిజమేనా?

నిజం. గుడారంతో వచ్చే సన్న మేకులు ఇసుకలో ఒక్క గాలికి ఊడివస్తాయి. దీనికి తేలికైన ఉపాయం ఉంది. ఇంట్లో పాత బియ్యం సంచులు, చిన్న గోనె సంచులు ఉంటే ఆరు తీసుకుపోండి. ఒక్కోదాన్ని సగం దాకా ఇసుకతో నింపి, మూతి కట్టి, ఆ ముడికే గుడారం తాడు బిగించండి. మూరెడు లోతు గుంట తీసి, సంచిని గాలి లాగే దిశకు అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసుక కప్పి కాలితో తొక్కండి. లోపలి తడి ఇసుక బరువుకు సంచి కదలదు. గుంటలు తీసే పని పిల్లలకు అప్పజెప్పండి, మీరు వద్దన్నా మానరు.

చోటు ఎంచుకునేటప్పుడు నేల మీది ఆనవాళ్ళు చూడండి. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరుసగా పేరుకున్న గీత ఉంటుంది. అల అక్కడిదాకా వచ్చిందని అర్థం. దానికి ఇంకా పైన, మేక గిట్టల్లాంటి ఆకులు, ఊదారంగు పూలు ఉన్న తీగ పరుచుకున్న చోటు దాటి గుడారం వేయండి, తీగ మీద వేయకండి, ఇసుకను పట్టి ఉంచేది అదే. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువగా ఉంటుంది, ఆ రోజుల్లో ఇంకా వెనక్కి జరగాలి. జనవరి, ఫిబ్రవరిలో మంచు బాగా కురుస్తుంది. చుక్కలు చూడాలని పైకప్పు తీసేసి పడుకుంటే తెల్లారేసరికి దుప్పట్లు పిండుకోవాలి.

రావణాసురుడి మీసం అనే ముళ్ళ గడ్డి ఒడ్డున ఉంటుంది. ఎండిన దాని గుండ్లు గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంటే పిల్లలు వెంటబడతారు. చూడటానికి ముచ్చటే గానీ చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటాయి.

పిల్లలను సముద్రంలోకి దించవచ్చా?

మోకాలి లోతు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని. అంతకంటే లోపలికి వద్దు. ఈత వచ్చిన పెద్దవాళ్ళకు కూడా ఇదే మాట. ఈ పల్లె ఒడ్డుల్లో కాపలా ఉండే ఈతగాళ్ళు ఉంటారని అనుకోకండి. మన చెరువు ఈత, స్విమ్మింగ్‌పూల్ ఈత ఇక్కడ అక్కరకు రావు.

ఒడ్డుకు కొట్టిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా. అవన్నీ ఒక సన్నని దారిలో కూడుకుని జోరుగా వెనక్కి లాగుతాయి. చుట్టూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, నిదానంగా ఉన్నట్టు కనిపిస్తుంది. తెలియనివాళ్ళు అదే మంచి చోటని దిగుతారు. అదే ప్రమాదం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈదలేకపోతే తేలుతూ చెయ్యి పైకెత్తాలి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళు ఉన్నాయి. 20 లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను మూత గట్టిగా బిగించి, పొడవాటి తాడు కట్టి, గుడారం బయట ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. అది తేలుతుంది, విసరవచ్చు. వెంటనే మత్స్యకారులను పిలవండి. ఏటి నోళ్ళ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతుకు కూడా దిగవద్దు. అక్కడ ఇసుక అడుగు నుంచి జారిపోతుంటుంది.

నీళ్ళ దగ్గర కాపలా ఒక్క మనిషికి అప్పజెప్పాలి, ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. నలుగురు పెద్దవాళ్ళున్నారు కదా అనుకుంటే ఎవరూ చూడరు.

మామూలు కారుతో పోవచ్చా?

పల్లె దాకా తారు, సిమెంటు రోడ్డు ఉన్నచోటికి మామూలు కారు చాలు. ఇసుక మొదలయ్యే చోట ఆపేసి సామాను మోసుకుపోండి. ఒడ్డు మీదికి కారు ఎక్కించవద్దు. పొరపాటున చక్రం దిగబడితే యాక్సిలరేటరు తొక్కే కొద్దీ ఇంకా దిగుతుంది. దిగి, చక్రాల ముందు ఇసుక చేత్తో తీసేసి, టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గించి, తాటి మట్టలో గోనె సంచులో కింద వేసి, నిదానంగా కదిలించాలి. గాలి తగ్గించిన బండిని రోడ్డు మీద జోరుగా నడపకూడదు కాబట్టి టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు వెంట ఉండాలి. పెట్రోలు నాయుడుపేటలోనే నింపుకోండి.

నీళ్ళు, తిండి సంగతి?

తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు లెక్క వేసుకుని ఇంటి నుంచే తీసుకుపోండి. తీరంలో బోర్లు చాలాచోట్ల ఉప్పునీళ్ళే. ఊరివాళ్ళు కూడా మంచినీళ్ళకు ఇబ్బంది పడుతుంటారు, వాళ్ళ కుళాయి మీద మనం ఆధారపడటం బాగుండదు.

మొదటి రోజుకు చింతపండు పులిహోర, నిప్పట్లు, బొరుగులు. చెడిపోవు, వండే పని లేదు. రాత్రికి రాగి సంగటి. చిన్న గ్యాసు పొయ్యి మీద అర గంటలో అవుతుంది, ఊరుబిండి ఇంటి నుంచే రుబ్బుకుపోతే ఇంకేమీ అక్కర్లేదు. పొయ్యికి గాలి అడ్డు పెట్టడానికి ఒక రేకు ముక్క తీసుకుపోండి, లేకపోతే గ్యాసంతా గాలికే పోతుంది. కట్టెల మంట సరుగుడు తోపులో పెట్టవద్దు. కింద రాలిన సన్నని ఆకు మెత్తగా పరుపులా ఉంటుంది గానీ నిప్పురవ్వ పడితే చెట్ల దాకా అంటుకుంటుంది.

చేపలు కావాలంటే పొద్దున్నే పడవలు వచ్చే వేళకు ఒడ్డుకు పోండి. నెత్తళ్ళు, కానాగంతలు, రొయ్యలు, ఎండ్రకాయలు, అదృష్టముంటే వంజరం. తాజా చేపకు కడిగి ఉప్పూ కారం పట్టించి పెనం మీద వేస్తే చాలు. ఊళ్ళో ఎవరైనా అక్క మామిడికాయ వేసి పులుసు పెట్టిస్తానంటే మొహమాట పడకండి, డబ్బు ఇచ్చి పెట్టించుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు మర పడవలు సముద్రంలోకి పోవు.

ఆడవాళ్ళకు ఇబ్బంది కాదా?

అసలు ప్రశ్న బాత్రూముదే, దాన్ని మొహమాటం లేకుండా ముందే తేల్చుకోవాలి. మనిషి నిలబడేంత ఎత్తున్న చిన్న టాయిలెట్ గుడారాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తప్పకుండా ఒకటి కొనండి. ఒడ్డుకు, బావులకు, ఇళ్ళకు దూరంగా, జానెడు లోతు గుంట తీసి, వాడాక మట్టి కప్పేయాలి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పూడ్చకూడదు, కవరులో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి కూడా అదే గుడారం పనికొస్తుంది.

రెండు మూడు కుటుంబాలు కలిసి పోవడం మంచిది. వంట, అంట్లు, పిల్లల కాపలా అన్నీ ఆడవాళ్ళ నెత్తిన పడితే అది వాళ్ళకు సెలవు కాదు, వంటిల్లు ఒడ్డుకు మారినట్టు. పనులు బయలుదేరే ముందే పంచుకోండి.

అమ్మమ్మ, తాతయ్యలను తీసుకుపోవచ్చా?

తప్పకుండా. మోకాళ్ళ నొప్పులుంటే మడత మంచం, కుర్చీ తీసుకుపోండి. రాత్రికి వాళ్ళు నాయుడుపేటలోనో గూడూరులోనో లాడ్జిలో పడుకుని పొద్దున్నే రావచ్చు. దారిలో శ్రీకాళహస్తి దర్శనం, చిట్టమూరు మండలంలో మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి వాళ్ళ కోసం పెట్టుకోండి.

పక్షులను ఎక్కడ చూడాలి?

నేలపట్టులో, పులికాట్‌లో. రెండూ వేరువేరు అనుభవాలు. నేలపట్టు చెరువులో నీళ్ళలోనే నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. కొంగలు, నీటికాకులు కూడా అదే చెట్ల మీద కాపురం పెడతాయి. దొరవారిసత్రం మండలంలో, రహదారికి దగ్గరలోనే ఉంది. అరవకుండా, ఎర్ర చొక్కాలు వేసుకోకుండా పోతే చాలాసేపు చూడవచ్చు.

పులికాట్ చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది. రెండు వైపులా నీళ్ళు, దూరంగా గులాబీ గీతలా ఫ్లెమింగోలు. అటకానితిప్ప దగ్గర ఆగి చూడండి. బైనాక్యులర్ లేకపోతే సగం అందం పోతుంది, అద్దెకో అరువుకో తెచ్చుకోండి. సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో జనం బాగా ఉంటారు, ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు తప్పించండి.

పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కవద్దు. 2011 డిసెంబరు 25న పులికాట్ తమిళనాడు వైపు, పళవేర్కాడు దగ్గర, విహారానికి పోయిన పడవ మునిగి 22 మంది ప్రాణాలు పోయాయి. జాకెట్ పిల్లల కొలతది కాకపోతే అది ఉన్నా లేనట్టే.

శ్రీహరికోటలో గుడారం వేయవచ్చా? రాకెట్ కనిపిస్తుందా?

వేయకూడదు, లోపలికి పోనివ్వరు కూడా. సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఉన్న దీవి అది. ప్రయోగం చూడటానికి వేరే గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. అది దొరకకపోయినా ఆకాశం అందరిదీ. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచినప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా మేడలెక్కి చూశారు. ప్రయోగం ఉన్న రోజు సముద్రం మీద, రోడ్ల మీద ఆంక్షలుంటాయి, తేదీ చూసుకుని పోండి. డ్రోను మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

తాబేళ్ళు కనిపిస్తాయా?

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి, దాని మీదే అటూ ఇటూ ఊగి చదును చేసి వెళ్ళిపోతుంది. పొద్దున లేచేసరికి ఇసుక మీద మధ్యలో పొట్ట ఈడ్చిన జాడ, రెండు వైపులా రెక్కల్లాంటి కాళ్ళ గుర్తులు కనిపిస్తాయి. ఒక జాడ పైకి, ఇంకొకటి కిందికి. పిల్లలను ఆ జాడల పక్కన నడిపించండి, ఏది వచ్చిన దారో ఏది పోయిన దారో కనుక్కోమనండి.

సుమారు 50 రోజుల తర్వాత గుడ్ల నుంచి బయటికొచ్చే తాబేలు పిల్లలు ఎక్కడ వెలుగుంటే అటు పాకుతాయి. రాత్రి సముద్రం మీది ఆకాశమే వాటికి వెలుగు. మన ఎల్ఈడీ లైట్లు, కారు హెడ్‌లైట్లు, మంట అటు లాగేస్తే సముద్రం చేరకుండానే చచ్చిపోతాయి. అందుకే చీకటి పడ్డాక ఒడ్డు వైపు లైటు వేయవద్దు. నడవడానికి టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టుకోండి. తాబేలు కనిపిస్తే దూరంగా కదలకుండా ఉండండి, ఫ్లాష్ వేయవద్దు, గుడ్లు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవి మొదటి షెడ్యూలు జీవులు, అంటే చట్టం అన్నిటికంటే గట్టిగా కాపాడేవి, ముట్టుకోవడం నేరం. గూడు కనిపిస్తే అటవీశాఖవాళ్ళకు చెప్పండి.

దోమలు, పాములు?

పగలు గాలి సముద్రం నుంచి వీస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల వైపు నుంచి తిరుగుతుంది. అప్పుడే కాలువల మీది దోమలు వస్తాయి. గుడారం జిప్పు సాయంత్రం నుంచే మూసి ఉంచాలి. చెప్పులు లోపల పెట్టుకోండి, వేసుకునే ముందు దులపండి. తోపులో చీకట్లో టార్చి లేకుండా నడవద్దు. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నాటు మందులు ఏవీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి నేరుగా గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రభుత్వ ఆసుపత్రుల్లో దగ్గరున్న దానికి. 108, 112 నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి. సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

దుగరాజపట్నంలో చూడటానికి ఏముంది?

లైట్‌హౌసు ఉంది, దాని వెనక ఒక చరిత్ర ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1620లలో ఇక్కడ కొఠీ, అంటే వ్యాపార కేంద్రం, పెట్టుకుంది, అప్పుడు దీన్ని ఆర్మగాం అనేవాళ్ళు. ఇక్కడి వ్యాపారం సాగక వేరే చోటు వెతుక్కుని, 1639లో మద్రాసు నేల సంపాదించారు. హైస్కూలు పిల్లలుంటే ఈ కథ అక్కడే నిలబడి చెప్పండి.

ఇంకో రోజు ఉంటే?

గూడూరు మీదుగా నెల్లూరుకు పోయి మైపాడు, లేదా కొత్తకోడూరు బీచ్. జనం ఎక్కువ, సౌకర్యాలూ ఎక్కువ. గుడారానికి మాత్రం నా ఓటు తూపిలిపాళెం వైపుకే.

చెత్త ఏం చేయాలి?

తెచ్చిందంతా తిరిగి తీసుకుపోవాలి. అరటి తొక్కలు, అన్నం మెతుకులు కూడా వదలకండి, కుక్కలు చేరి తాబేలు గూళ్ళు తవ్వుతాయి. వీలైతే ఊరి పిల్లలను కూడా పిలిచి, మీ పిల్లలతో కలిసి ఒక గోనె సంచి నిండా ఒడ్డున దొరికిన ప్లాస్టిక్ ఏరించండి. ఆ సంచిని నాయుడుపేట దాటాకే దించండి.

తిరిగొచ్చాక?

మర్నాడే కారు అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు గాలి ఇనుమును తినేస్తుంది. గుడారం, జిప్పులు కడిగి, మేడ మీద నీడలో పూర్తిగా ఆరాకే మడవండి. తడిగా మడిచిన గుడారం బూజు పట్టి, వచ్చే జనవరికి పనికిరాకుండా పోతుంది.